అయాన్ల లెక్క, సమ్మేళనాల పేర్లు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అయానిక సమ్మేళనాల గురించే, అంటే అయాన్లతో (విద్యుదావేశమున్న పరమాణువులు లేదా పరమాణువుల గుంపులతో) ఏర్పడేవాటి గురించి. ఫార్ములాలను ఇక్కడ గుర్తుల్లో కాకుండా మాటల్లోనే చెబుతున్నాం. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని గుర్తులు మీరే రాసుకుంటూ చదవండి. సగం సందేహాలు ఆ రాయడంలోనే తీరిపోతాయి.

ప్రశ్న: సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు కావాలని, క్లోరిన్ దాన్ని తీసుకున్నప్పుడు వెలువడేది 349 మాత్రమేనని పట్టికల్లో చూశాను. అంటే ఈ బేరంలో నష్టమే కదా! మరి ‘స్థిరత్వం కోసం సోడియం ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది’ అని ఎందుకు చెబుతారు? – ఒక విద్యార్థిని

జవాబు: మీ లెక్క సరైందే. పాఠాల్లో వినిపించే ఆ వాక్యమే సగం నిజం. ఒంటరిగా ఉన్న సోడియం పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను తనంతట తాను వదలదు. లాగేయాలి. ఆ లాగడానికయ్యే ఖర్చే 496. పైగా మీరు ఇంకో రెండు ఖర్చులు వేయడం మరిచిపోయారు. ఘన సోడియాన్ని విడివిడి పరమాణువులుగా మార్చడానికి మోల్‌కు సుమారు 107, క్లోరిన్ అణువులను చీల్చి ఒక మోల్ క్లోరిన్ పరమాణువులు తేవడానికి 121. అన్నీ కలిపితే ఖర్చు 724. అందులోంచి క్లోరిన్ తిరిగిచ్చే 349 తీసేస్తే ఇంకా 375 కిలోజౌళ్ల అప్పు మిగిలే ఉంటుంది.

ఆ అప్పు తీర్చేది ఎలక్ట్రాన్ చేతులు మారడం కాదు, ఆ తర్వాత జరిగే పని. ధనావేశమున్న సోడియం అయాన్లు, రుణావేశమున్న క్లోరైడ్ అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని వరసలు వరసలుగా స్ఫటికంలో సర్దుకుంటాయి. ఆ సర్దుబాటులో మోల్‌కు 787 కిలోజౌళ్లు వెలువడతాయి. దీన్నే జాలక శక్తి అంటారు. 375 అప్పు తీరగా సుమారు 411 మిగులుతుంది. సోడియం, క్లోరిన్ కలిసినప్పుడు బయటికి వచ్చే వేడి ఇదే. ఈ లెక్కను మొదట కట్టి చూపినవారు మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్. అది 1919 నాటి మాట.

మరి సోడియం రెండో ఎలక్ట్రాన్‌ను కూడా వదిలేస్తే ఇంకా గట్టి స్ఫటికం రాదా? వస్తుంది, కానీ ఆ రెండో ఎలక్ట్రాన్ లోపలి కర్పరంలోది. దాన్ని తీయడానికి 4562 కిలోజౌళ్లు కావాలి. నిజంగానే 2+ అయాన్ ఉన్న మెగ్నీషియం క్లోరైడ్‌కు కూడా జాలక శక్తి 2500 చేరువలోనే ఉంటుంది. అంత ఖర్చును ఏ జాలకమూ పూడ్చలేదు. మెగ్నీషియం సంగతి వేరు. దానికి మొదటి ఎలక్ట్రాన్‌కు 738, రెండోదానికి 1451. ఇవి భరించగలిగినవే. మూడోదానికి ఒక్కసారిగా 7733. అందుకే అది 2+ దగ్గర ఆగిపోతుంది. ‘అష్టకం’ (బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు) అని మనం పేరు పెట్టింది ఈ గోడకే. అష్టకం కోసం పరమాణువు ఆశపడదు. అక్కడి నుంచి ముందుకు వెళ్లడానికి కావలసిన శక్తి దొరకదు, అంతే.

ఆక్సిజన్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మొదటి ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు 141 కిలోజౌళ్లు వెలువడతాయి. అప్పటికే రుణావేశం వచ్చిన అయాన్‌లోకి రెండోదాన్ని నెట్టాలంటే 700కు పైగా మనమే పెట్టాలి. ఒంటరి ఆక్సైడ్ అయాన్ నిలవదు. దాన్ని నిలబెట్టేది స్ఫటికమే. మెగ్నీషియం ఆక్సైడ్‌లో ఆవేశాలు రెండు రెండ్ల నాలుగు రెట్లు, అయాన్ల మధ్య దూరమూ తక్కువ. కాబట్టి జాలక శక్తి సోడియం క్లోరైడ్‌కు దాదాపు ఐదు రెట్లు. సోడియం క్లోరైడ్ 801 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే మెగ్నీషియం ఆక్సైడ్ 2800 డిగ్రీలు దాటాక గానీ కరగదు.

ప్రశ్న: ‘సోడియం క్లోరైడ్ అణువు’ అని రాస్తే మార్కులు తగ్గించారు. తప్పేమిటి?

జవాబు: ఘన సోడియం క్లోరైడ్‌లో అణువు అని వేలుపెట్టి చూపగలిగింది ఏదీ లేదు. ఒక సోడియం అయాన్‌ను పట్టుకుని దాని జత క్లోరైడ్ ఏదని వెతికితే చుట్టూ ఆరు కనిపిస్తాయి. పైన, కింద, ముందు, వెనక, కుడి, ఎడమ, అన్నీ ఒకే దూరంలో. ఆ ఆరింటిలో ఏ ఒక్కదాని చుట్టూ చూసినా మళ్లీ ఆరు సోడియంలు. ఎవరికెవరు సొంతమని చెప్పే వీలే లేదు. విలియం హెన్రీ బ్రాగ్, లారెన్స్ బ్రాగ్ అనే తండ్రీకొడుకులు 1913లో ఎక్స్‌రేలతో ఈ అమరికను తేల్చారు.

కాబట్టి ఫార్ములా చెప్పేది నిష్పత్తిని మాత్రమే: ఒక సోడియంకు ఒక క్లోరైడ్. దీన్ని ‘ఫార్ములా యూనిట్’ అనండి, ‘అణుభారం’ బదులు ‘ఫార్ములా భారం’ అనండి. ఇది మాటల పట్టింపు కాదు. అణువులుంటాయనుకుంటే వాటి మధ్య బలహీనమైన ఆకర్షణే ఉండాలి, అప్పుడు ఇంత ఎక్కువ ద్రవీభవన స్థానం ఎందుకో చెప్పలేరు. ఘనరూపంలో కరెంటును ప్రవహింపనివ్వని ఈ పదార్థం, కరిగించినప్పుడు ఎందుకు ప్రవహింపనిస్తుందో అదీ చెప్పలేరు. ఘనంలో అయాన్లు ఉన్నచోట ఇరుక్కుని ఉంటాయి, ద్రవంలో కదులుతాయి.

ప్రశ్న: కార్బన్ డైఆక్సైడ్‌లో ‘డై’ ఉంది. అల్యూమినియం క్లోరైడ్‌లో క్లోరిన్లు మూడున్నా ‘ట్రై’ ఎందుకు చెప్పరు?

జవాబు: చెప్పాల్సిన అవసరం లేదు కాబట్టి. అయానిక సమ్మేళనంలో ఆవేశాలు సరిపోవాలి. అల్యూమినియం అంటే 3+, క్లోరైడ్ అంటే 1−. మూడు క్లోరైడ్లు తప్ప మరో దారి లేదు. పేరులో సంఖ్య పెట్టడమంటే తెలిసిన సంగతినే మళ్లీ చెప్పడం. కార్బన్, ఆక్సిజన్ల మధ్య అలాంటి కట్టడి లేదు. మోనాక్సైడ్ ఉంది, డైఆక్సైడ్ ఉంది. ఏదో తెలియాలంటే సంఖ్య చెప్పాల్సిందే. అలోహం, అలోహం కలిస్తే సంఖ్య చెప్పండి. లోహం, అలోహం కలిస్తే చెప్పకండి. మొదట్లో ఈ గీత చాలు.

పేరు పెట్టే పద్ధతి చిన్నదే. కాటయాన్ (ధనావేశమున్న అయాన్) పేరు ముందు, ఉన్నదున్నట్టు. ఆనయాన్ (రుణావేశమున్న అయాన్) పేరు తర్వాత, అది ఒకే మూలకం అయితే చివర ‘ఐడ్’ చేర్చి: క్లోరైడ్, ఆక్సైడ్, సల్ఫైడ్, నైట్రైడ్, ఫాస్ఫైడ్. ‘ఐడ్’ ఉన్నంత మాత్రాన ఒకే మూలకం అని తీర్మానించుకోవద్దు. హైడ్రాక్సైడ్‌లో రెండు మూలకాలున్నాయి, సయనైడ్‌లోనూ రెండున్నాయి.

ప్రశ్న: వేలన్సీలను అడ్డంగా మార్చి రాసే పద్ధతి (క్రిస్‌క్రాస్) ఎప్పుడూ పనిచేస్తుందా? ఫార్ములాను ఎప్పుడు సూక్ష్మీకరించాలి, ఎప్పుడు వద్దు? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: పనిచేస్తుంది, కానీ ఏం చేస్తున్నామో తెలిసినవారి చేతిలోనే. పిల్లలకు ముందు ఆవేశాల లెక్క నేర్పి, తర్వాత ఈ అడ్డదారి చూపించడమే మంచిదని మా అభిప్రాయం. అల్యూమినియం ఆక్సైడ్‌ను తీసుకోండి. అల్యూమినియం 3+, ఆక్సైడ్ 2−. మూడుకు, రెండుకు క.సా.గు. 6. ధనావేశం 6 రావాలంటే రెండు అల్యూమినియంలు, రుణావేశం 6 రావాలంటే మూడు ఆక్సైడ్లు. రెండు, మూడు. అడ్డంగా మార్చినా అదే వస్తుంది, కానీ ఎందుకొచ్చిందో ఇక్కడ కళ్ల ముందుంది. క.సా.గు. తో వెళ్తే సూక్ష్మీకరించాల్సిన పనీ తప్పుతుంది. మెగ్నీషియం 2+, ఆక్సైడ్ 2−, క.సా.గు. 2, ఒకటి ఒకటి. అడ్డంగా మార్చితే ‘రెండు, రెండు’ వస్తుంది, దాన్ని తగ్గించడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. టైటానియం 4+ తో ఆక్సైడ్ అయితే ‘రెండు, నాలుగు’ వస్తుంది. సరైనది ‘ఒకటి, రెండు’.

ఇక తగ్గించకూడని చోట్లు. సోడియం పెరాక్సైడ్‌లో రెండు సోడియంలు, రెండు ఆక్సిజన్లు ఉంటాయి. అదేదో సూక్ష్మీకరించడం మరిచిపోయిన ఫార్ములాలా కనిపిస్తుంది. కానీ అక్కడి ఆనయాన్ రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి అతుక్కున్న ఒకే అయాన్, దాని మొత్తం ఆవేశం 2−. మెర్క్యూరస్ క్లోరైడ్‌లో రెండు పాదరసాలు అలాగే జతకట్టి 2+ అయాన్‌గా ఉంటాయి. దాన్ని ‘ఒకటి, ఒకటి’ చేస్తే లేని పదార్థాన్ని రాసినట్టు. అందుకే నియమాన్ని ఇలా చెప్పండి: అయాన్ల సంఖ్యను తగ్గించండి, అయాన్ లోపలి పరమాణువులను ముట్టుకోకండి. అమ్మోనియం నైట్రేట్ రాసేటప్పుడు రెండు నైట్రోజన్లను ఒకచోట చేర్చి రాసేవాళ్లకూ ఇదే మందు. ఒక నైట్రోజన్ కాటయాన్‌ది, ఇంకొకటి ఆనయాన్‌ది.

బ్రాకెట్ కూడా ఇందులోంచే వస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్‌లో హైడ్రాక్సైడ్లు రెండు. బ్రాకెట్ లేకుండా చివర 2 వేస్తే ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు అని అర్థం, అది వేరే లెక్క. బహుపరమాణుక అయాన్ ఒకటే ఉంటే బ్రాకెట్ అక్కర్లేదు, రెండు లేదా అంతకన్నా ఎక్కువుంటే తప్పనిసరి. బాగా అభ్యాసం కావాలంటే కాల్షియం ఫాస్ఫేట్ ఇవ్వండి: మూడు కాల్షియంలు, రెండు ఫాస్ఫేట్లు, మొత్తం పరమాణువులు 13. పదమూడు రానివాళ్లు బ్రాకెట్ బయటి అంకెను ఆక్సిజన్‌తో గుణించారో లేదో చూడండి.

ప్రశ్న: మూలకాల గుర్తుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

జవాబు: ‘సి’ పెద్దది, ‘ఓ’ చిన్నది అయితే కోబాల్ట్ అనే లోహం. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. ఆ ఒక్క గీత మారితే లోహం వాయువైపోతుంది.

ప్రశ్న: ఫెర్రస్, ఫెర్రిక్, ఐరన్ టూ, ఐరన్ త్రీ... ఇన్ని పేర్లెందుకు? ఫార్ములా చూసి లోహం ఆవేశం కనుక్కునేదెలా?

జవాబు: ఇనుముకు 2+, 3+ అని రెండు అయాన్లున్నాయి. ఉత్త ‘ఐరన్ క్లోరైడ్’ అంటే రెండు క్లోరిన్లదో మూడింటిదో తెలియదు. పాత పద్ధతిలో తక్కువ ఆవేశానికి ‘అస్’, ఎక్కువ ఆవేశానికి ‘ఇక్’ చేర్చారు. ఇబ్బంది ఏమిటంటే, ఆ తోకలు తక్కువ–ఎక్కువ చెబుతాయే తప్ప ఎంతో చెప్పవు. ఫెర్రస్ 2+, ఫెర్రిక్ 3+. క్యూప్రస్ 1+, క్యూప్రిక్ 2+. స్టానస్ 2+, స్టానిక్ 4+. ప్రతి లోహానికీ విడిగా బట్టీ పట్టాలి. జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో సూచించిన పద్ధతిలో ఆవేశాన్నే పేరులో, బ్రాకెట్‌లో రోమన్ అంకెతో రాస్తారు. చదివేటప్పుడు ‘ఐరన్ త్రీ క్లోరైడ్’ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్నే వాడండి. పాత పేర్లు సీసాల లేబుళ్ల మీద ఇంకా ఉన్నాయి కాబట్టి చదవడం మటుకు రావాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రోమన్ అంకె లోహం ఆవేశాన్ని చెబుతుంది, పరమాణువుల సంఖ్యను కాదు. కాపర్ వన్ ఆక్సైడ్‌లో రాగి పరమాణువులు రెండు, కాపర్ టూ ఆక్సైడ్‌లో ఒకటి! పేరులోని అంకెను చూసి ఫార్ములా కింద వేస్తే రెండూ తారుమారవుతాయి. ఆనయాన్ వైపు నుంచి వెనక్కి రండి. ఆక్సైడ్ ఎప్పుడూ 2−. దాన్ని రెండు రాగులు మోస్తే ఒక్కోటి 1+, ఒకటే మోస్తే 2+. ఈ తేడా కంటికి కనిపించేదే. కాపర్ వన్ ఆక్సైడ్ ఇటుక రంగు పొడి, కాపర్ టూ ఆక్సైడ్ నల్లటి పొడి. రెండూ రాగి, ఆక్సిజనే.

ఇనుము లవణాల్లోనూ అంతే. ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు లేత ఆకుపచ్చగా ఉంటాయి, గాలి తగిలే కొద్దీ పైన గోధుమ రంగు పొర కడుతుంది. అది 2+ నుంచి 3+కు మారడమే. అనుమానముంటే కొంచెం నీళ్లలో కరిగించి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేయండి. 2+ అయితే మాసిన ఆకుపచ్చ అవక్షేపం, 3+ అయితే తుప్పు రంగు అవక్షేపం. పాత సీసాలోని పదార్థంతో రెండూ కలిసి కనబడితే లేబుల్‌ను నమ్మకండి.

అయస్కాంత శిల అయిన మాగ్నటైట్ మాత్రం చాలామందిని తికమక పెడుతుంది. మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు. 8 ఆవేశాన్ని మూడింటికి సమంగా పంచలేం. అందులో ఒకటి 2+, రెండు 3+. పంచితే భిన్నం వచ్చిందంటే లెక్క తప్పి ఉండొచ్చు, లేదా ఇలా రెండు రకాల అయాన్లు కలిసి ఉండొచ్చు. జింక్ (2+), వెండి (1+), అల్యూమినియం (3+) వంటివి ఈ స్థాయిలో మనకెదురయ్యేది ఒక్క ఆవేశంతోనే, కాబట్టి వాటికి అంకె రాయరు.

ప్రశ్న: సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్ ఎప్పుడూ కలగలిసిపోతాయి. ‘ఏట్’ అంటే ఎన్ని ఆక్సిజన్లు? గుర్తుపెట్టుకునే దారి ఉందా?

జవాబు: ‘ఏట్’ అంటే ఇన్ని అని లేదు. నైట్రేట్‌లో మూడు, సల్ఫేట్‌లో నాలుగు. ‘ఐట్’ అంటే మాత్రం ఆ మూలకం ‘ఏట్’ కన్నా ఒక ఆక్సిజన్ తక్కువ, ఆవేశం అదే. నైట్రైట్‌లో రెండు, సల్ఫైట్‌లో మూడు. కాబట్టి ‘ఏట్’లు నేర్చుకుంటే ‘ఐట్’లు వాటంతటవే వస్తాయి.

‘ఏట్’లకు ఆవర్తన పట్టికలో ఒక వరస ఉంది. రెండో పీరియడ్‌లోని కార్బన్, నైట్రోజన్ చిన్నవి, చుట్టూ మూడు ఆక్సిజన్లకే చోటు. కార్బొనేట్ 2−, నైట్రేట్ 1−. మూడో పీరియడ్‌లో సిలికాన్, ఫాస్ఫరస్, గంధకం, క్లోరిన్ కాస్త పెద్దవి, నాలుగు పడతాయి. సిలికేట్ 4−, ఫాస్ఫేట్ 3−, సల్ఫేట్ 2−, పర్‌క్లోరేట్ 1−. కుడివైపు ఒక్కో గడి జరిగే కొద్దీ ఆవేశం ఒక్కోటి తగ్గుతుంది. కారణం తేలికే. ఫాస్ఫరస్ ఆక్సీకరణ సంఖ్య +5, నాలుగు ఆక్సిజన్లవి −8, మిగిలేది −3. గంధకానికి +6 కాబట్టి −2. ఈ లెక్క వచ్చినవాళ్లు ఆవేశాలను బట్టీ పట్టక్కర్లేదు.

క్లోరిన్ దగ్గర మాత్రం ఒక మెట్టు జాగ్రత్త. నాలుగు ఆక్సిజన్లది ‘పర్‌క్లోరేట్’, మూడింటిది ‘క్లోరేట్’, రెండింటిది ‘క్లోరైట్’, ఒక్కదానిది ‘హైపోక్లోరైట్’. నాలుగింటికీ ఆవేశం 1−. ‘పర్’ ఉంటే ఆవేశం మారదని దీన్నుంచి సూత్రం కట్టకండి: మాంగనేట్ 2−, పర్‌మాంగనేట్ 1−, రెండింటిలోనూ ఆక్సిజన్లు నాలుగే. ముందు ‘హైడ్రోజన్’ లేదా ‘బై’ చేరితే రుణావేశం ఒకటి తగ్గుతుంది: కార్బొనేట్ 2−, హైడ్రోజన్ కార్బొనేట్ (బైకార్బొనేట్) 1−.

ఈ పేర్ల తేడా పరీక్ష కాగితం దాటి ప్రయోగశాలలో ప్రమాదంగా మారుతుంది. సోడియం సల్ఫేట్‌కు సజల ఆమ్లం కలిపితే చెప్పుకోదగ్గదేమీ జరగదు. సల్ఫైట్‌కు కలిపితే ఊపిరాడనివ్వని సల్ఫర్ డైఆక్సైడ్ వస్తుంది. సల్ఫైడ్‌కు కలిపితే కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది విషవాయువు, ఎక్కువ మోతాదులో వాసన తెలియకుండా ముక్కును మొద్దుబారుస్తుంది కూడా. సీసా తీసేటప్పుడు పేరు చివరి అక్షరం దాకా చదవండి, పోసేముందు మరోసారి చదవండి.

ప్రశ్న: లోహం, అలోహం కలిశాయి కాబట్టి అల్యూమినియం క్లోరైడ్ అయానికమే కదా. మరి 180 డిగ్రీలకే ఆవిరవుతుందేం?

జవాబు: లోహం–అలోహం అన్నది తొలి అంచనాకే. అల్యూమినియం అయాన్ చిన్నది, ఆవేశం 3+. అది పక్కనున్న పెద్ద క్లోరైడ్ ఎలక్ట్రాన్ మేఘాన్ని తనవైపు లాగేస్తుంది. అలా లాగినకొద్దీ బంధంలో పంచుకునే గుణం, అంటే సమయోజనీయ లక్షణం పెరుగుతుంది. ఆవిరిలో రెండేసి అల్యూమినియంలు, ఆరేసి క్లోరిన్లున్న అణువులే ఉంటాయి. అదే అల్యూమినియం, చిన్నదైన ఫ్లోరైడ్‌తో కలిస్తే మేఘం అంత సులువుగా లొంగదు. అల్యూమినియం ఫ్లోరైడ్ దాదాపు 1290 డిగ్రీల దాకా ఘనంగానే ఉంటుంది. కాటయాన్ చిన్నదై, ఆవేశం ఎక్కువై, ఆనయాన్ పెద్దదైతే అనుమానించాలన్న ఈ నియమాలు రసాయన శాస్త్రవేత్త ఫాజన్స్‌వి (1923). పేరు పెట్టడంలో మాత్రం అయానిక పద్ధతే వాడుకలో ఉంది.

ప్రశ్న: మూసలో మెగ్నీషియం రిబ్బన్‌ను కాల్చి ఆక్సైడ్ ఫార్ములా కనుక్కునే ప్రయోగం చేయించాం. 0.30 గ్రాముల మెగ్నీషియం నుంచి 0.46 గ్రాములే వచ్చింది. ఒకటికి ఒకటి రావడం లేదు. ఎక్కడ పొరపాటు? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: 0.30 గ్రాములను 24.3తో భాగిస్తే 0.0123 మోల్. చేరిన ఆక్సిజన్ 0.16 గ్రాములు, అంటే 0.0100 మోల్. నిష్పత్తి 1.23కు 1 వచ్చింది. రావాల్సిన బరువు దాదాపు 0.50 గ్రాములు. తగ్గిన ఆ 0.04 గ్రాములకు మూడు కారణాలుండొచ్చు, తరచూ మూడూ కలిసే ఉంటాయి.

మొదటిది పొగ. మూత తీసి కాలిస్తే లేచే తెల్లటి పొగ మీరు తూచాల్సిన మెగ్నీషియం ఆక్సైడే. రెండోది పూర్తిగా కాలకపోవడం. మూస అడుగున బూడిద రంగు ముక్కలుంటే అది కాలని లోహం. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. మూత కింద ఆక్సిజన్ తగ్గినప్పుడు వేడి మెగ్నీషియం గాలిలోని నైట్రోజన్‌తోనూ కలిసి మెగ్నీషియం నైట్రైడ్ అవుతుంది. మెగ్నీషియం 2+, నైట్రైడ్ 3−, కాబట్టి మూడుకు రెండు. మొత్తం నైట్రైడే అయితే 0.30 గ్రాముల నుంచి 0.415 గ్రాములే వస్తాయి. అందులో కొంత భాగం నైట్రైడ్ అయినా బరువు తగ్గుతుంది.

ఈసారి ఇలా చేయండి. రిబ్బన్‌ను మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి, పైనున్న పాత ఆక్సైడ్ పొర పోవాలి. ఖాళీ మూసను మూతతో సహా వేడిచేసి, చల్లార్చి తూచండి. రిబ్బన్‌ను వదులుగా చుట్టి పెట్టండి, గట్టిగా చుడితే లోపలికి గాలి అందదు. మూత పెట్టి బాగా వేడిచేస్తూ, రెండు మూడు నిమిషాలకోసారి పట్టకారుతో మూతను ఒక పక్క కొద్దిగా ఎత్తి వెంటనే మూయండి. గాలి లోపలికి వెళ్లాలి, పొగ బయటికి రాకూడదు. ఎత్తినప్పుడు లోహం మళ్లీ వెలగడం ఆగిపోయాక మూత కొంచెం పక్కకు జరిపి ఇంకో ఐదు నిమిషాలు గట్టిగా వేడిచేయండి.

పూర్తిగా చల్లారాక, మూస చేతికి మామూలుగా తగిలేటప్పుడు మాత్రమే, పది చుక్కల స్వేదనజలం వేయండి. కాలుతున్న లేదా వేడిగా ఉన్న మెగ్నీషియం మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా చెలరేగుతుంది. నైట్రైడ్ ఉంటే నీటితో కలిసి అమ్మోనియా వస్తుంది. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని మూస పైన పట్టండి, నీలంగా మారుతుంది. ఇప్పుడు లోపలున్నది కొంత మెగ్నీషియం హైడ్రాక్సైడ్. మొదట సన్నని మంట మీద ఆరనివ్వండి, లేకపోతే చిమ్మి పదార్థం పోతుంది. తర్వాత పది పదిహేను నిమిషాలు గట్టిగా వేడిచేస్తే హైడ్రాక్సైడ్ నీటిని వదిలి ఆక్సైడ్ అవుతుంది. ఈ వేడి చాలకపోతే బరువు ఈసారి ఎక్కువ వస్తుంది. చల్లార్చి తూచి, మళ్లీ వేడిచేసి తూచండి. వరసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆపకండి. వేడి మూసను తూచొద్దు, దాని చుట్టూ పైకి లేచే గాలి వల్ల త్రాసు తక్కువ చూపుతుంది. మండే మెగ్నీషియం వైపు పిల్లలు నేరుగా చూడకుండా జాగ్రత్తపడండి.

ప్రశ్న: 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) కాపర్ సల్ఫేట్ ద్రావణం ఒక లీటరు చేయాలి. పుస్తకంలో ఫార్ములా భారం 159.6 అని ఉంది, సీసా మీద 249.7 అని ఉంది. ఏది వాడాలి?

జవాబు: సీసా మీదిదే. మీ దగ్గరున్నవి నీలి స్ఫటికాలు. వాటిలో ప్రతి కాపర్ సల్ఫేట్‌తోపాటు ఐదు నీటి అణువులు స్ఫటిక జలంగా ఉంటాయి, పేరు కాపర్ టూ సల్ఫేట్ పెంటాహైడ్రేట్. పైన అయానిక పేర్లలో డై, ట్రై ఉండవన్నాం. నీటి అణువుల సంఖ్య చెప్పడానికి మాత్రం ఉంటాయి, ఎందుకంటే ఆ నీటిని ఏ ఆవేశమూ నిర్ణయించదు. అయిదు 18లు 90, 159.6కు కలిపితే 249.6. సీసా మీది అంకెతో ఉన్న చిన్న తేడా దశాంశాలది.

కాబట్టి 24.97 గ్రాములు తూచి, కొంచెం నీటిలో పూర్తిగా కరిగించి, ఆ తర్వాత లీటరు గీత వరకు నింపండి. పుస్తకం చూసి 15.96 గ్రాములు వేస్తే వచ్చేది 0.064 మోలార్ మాత్రమే. తెల్లటి పొడి ఉన్న సీసా దొరికితే అది నీరు లేనిది, దానికి 159.6 సరిపోతుంది. ఆ పొడి తేమ తగిలితే నీలంగా మారుతుంది. అక్కడక్కడ నీలం కనబడితే అది రెంటికీ మధ్య ఎక్కడో ఉంది, తూకం వేసినా గాఢత ఇంతని చెప్పలేరు. అలాంటప్పుడు స్ఫటికాల సీసానే తెరవండి.